కనబడని చోట జరిగే కీడు కీడు కాదా?



మన ఇంటి చెత్త పొరుగువాని గుమ్మంలో పోయడం తప్పని పసిపిల్లలకు కూడ తెలుసు. అదే చెత్త ఎవరి కంటా పడని చోటికి చేరితే ఆ తప్పు తగ్గుతుందా? సముద్రంలో చేపల పెంపకాన్ని గురించి ఆలోచించినప్పుడు ఈ ప్రశ్న మా ముందు నిలిచింది.

సముద్రంలో వల పంజరాలు కట్టి, మేత వేసి చేపలను పెంచే పద్ధతి నార్వే, స్కాట్లాండ్, చిలీ దేశాల్లో చాలకాలంగా ఉన్నది. మన దేశంలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ 2007లో విశాఖపట్నం తీరాన పండుగప్పతో దీనిని ప్రయత్నించింది. తరువాత ఒడిశా, తమిళనాడు, కర్ణాటక తీరాలలోనూ పంజరాలు వెలిశాయి. అనగా ఇది మన సంఘాలున్న రాష్ట్రాల సంగతి కూడ.

చేపలు తినగా మిగిలిన మేత, వాటి మలము పంజరం క్రింద అడుగుకు దిగుతాయి. కొద్దిగా అయితే అక్కడి పురుగులు, పీతలు తిని శుభ్రం చేస్తాయి. మితిమీరితే దానిని కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు ఆక్సిజన్‌ను హరిస్తాయి. బురద నల్లబడి, కుళ్ళిన గ్రుడ్ల వాసనగల వాయువు పుడుతుంది. దూది పరచినట్లు తెల్లని బాక్టీరియా పొర ఏర్పడుతుంది. ఆ కుళ్ళును ఓర్చుకొనే ఒకటి రెండు రకాల పురుగులు తప్ప తక్కిన ప్రాణులు చస్తాయి, లేదా తొలగిపోతాయి. పైన నీరు మాత్రం నీలంగానే ఉంటుంది!

ఆస్ట్రేలియాలోని టాస్మేనియా దీవిలో మాక్వారీ హార్బర్ అనే చోట సాల్మన్ పంజరాలు పెరిగి, అడుగు నీటిలో ఆక్సిజన్ బాగా తగ్గింది. 2016లో ప్రభుత్వ పర్యావరణ సంస్థ ఒకచోట పంజరాలను ఖాళీ చేయించింది. మొత్తం చేపల బరువును 2018లో 9,500 టన్నులకు పరిమితం చేసింది. టేకు చేపను పోలిన మాజియన్ స్కేట్ అనే అరుదైన జీవి ఆ నీటినే నమ్ముకొని బ్రతుకుతున్నది.

“ఆకలిగొన్నవారికి చేప కావాలి, యువకులకు పని కావాలి, అడుగున పురుగుల కోసం దిగులెందుకు?” అని కొందరంటారు. ఆకలి, పని చిన్న మాటలు కావు. పంజరమే పాపమని మేమనము. అయితే ఆదికాండము మొదటి అధ్యాయం చూడండి. దేవుడు జలచరాలను ఐదవ దినమున చేసి, మంచిదని చూచి, ఆశీర్వదించెను. అప్పటికి నరుడు ఇంకా లేడు. కనుక వాటి విలువ మన చూపుమీదగాని మన లాభముమీదగాని ఆధారపడినది కాదు. యెహెజ్కేలు 34వ అధ్యాయంలో తేట నీళ్ళు త్రాగి, మిగిలినవాటిని కాళ్ళతో కలకబారజేసిన గొఱ్ఱెలను ప్రభువు నిలదీస్తాడు. త్రాగినందుకు కాదు, తరువాత వచ్చేవారికి బురద మిగిల్చినందుకు. లాభం ఒకరిది, బురద వేరొకరిది అయినప్పుడు అది అన్యాయమే.

మార్గం లేకపోలేదు. ప్రవాహం బాగుగా ఉండే లోతు నీటిలో పంజరాలు కట్టడం, చేపలను క్రిక్కిరియనీయకపోవడం, మేత వృథా చేయకపోవడం, కొంతకాలం ఆ చోటు ఖాళీగా విడవడం. ఖాళీ విడిచిన అడుగు కొన్ని నెలలకో, కొన్ని సంవత్సరాలకో కోలుకుంటుంది. లేవీయకాండము 25వ అధ్యాయం ఏడవ యేట భూమికి విశ్రాంతినిచ్చింది. సముద్రపు అడుగుకు ఆ విశ్రాంతి ఎందుకు ఉండరాదు?

మన తీరాన పంజరం వేసేవారిని మూడు సంగతులు అడుగుదము: అడుగును ఎవరు పరీక్షిస్తారు? ఎన్నాళ్ళకొకసారి? దానికి విశ్రాంతి ఎప్పుడు? అలాగే మన ఇండ్ల మురుగు, మన ఆలయ ప్రాంగణపు చెత్త ఎక్కడికి పోతున్నవో మనమూ చూచుకొందము. మన కన్ను చేరని చోటికి ఆయన కన్ను చేరుతుంది గదా.