ఎవరి పక్షాన? ఎవరి నోట?

ఒకరి మేలు కోరి శాసనం చేసేవారు ముందుగా వారి మాట విని తీరాలా? మేలు నిస్సందేహమైనప్పుడు వినకపోయినా తప్పు లేదా? డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డిని గురించి తరగతిలో చెబుతూండగా ఒక విద్యార్థిని నన్నీ ప్రశ్న అడిగింది. మంచి చట్టానికి అనుమతి అక్కరలేదన్నాను. ఆ జవాబు ఇప్పుడు నాకు తృప్తిగా లేదు.

ముత్తులక్ష్మి 1886లో పుదుక్కోటలో పుట్టింది. తల్లిది దేవదాసీ కుటుంబం. 1912లో వైద్యపట్టం పొందింది. మన తెలుగు జిల్లాలు కూడా చేరివున్న మద్రాసు రాజధాని శాసనమండలిలో 1927లో తొలి స్త్రీ సభ్యురాలై, ఉపాధ్యక్షురాలుగా ఏకగ్రీవంగా ఎన్నికయింది. కాని ఆమెను మండలికి పంపినది ఓటర్లు కాదు, ప్రభుత్వ నియామకం.

ఆడపిల్లలను ఆలయాలకు అంకితం చేసే ఆచారాన్ని మాన్పించాలని 1927లో తీర్మానం తెచ్చింది. 1929లో దేవాదాయ చట్టాన్ని సవరింపజేసింది. నా దృష్టిలో ఈ సవరణే అసలైనది. మాన్యం అనుభవించాలంటే గుడిసేవ చెయ్యాలి. సేవ మానితే కూడు పోతుంది. ఆ షరతును తొలగించి భూమిని స్త్రీకే విడవటమంటే, సంకెల భక్తిలో కాక భూమిలో ఉన్నదని గుర్తించటమే. మరి మాన్యం లేక, ఆటపాటల మీదనే బతికేవారి మాట? ఆ సవరణ వారికి ఏమీ ఇవ్వలేదు. గాంధీజీ నిర్బంధానికి నిరసనగా ఆమె 1930లో సభ్యత్వం వదులుకుంది. అంకితాన్ని నిషేధించే శాసనం 1947లో గాని రాలేదు.

ఆమె కాగితాలు ఢిల్లీలో తీన్‌మూర్తి గ్రంథాలయంలో భద్రంగా ఉన్నాయి. అభినందనలతో పాటు, ఆమె ప్రయత్నాన్ని ఎదిరించిన దేవదాసీల విన్నపాలు కూడా వాటిలో ఉన్నాయి. తమను వేశ్యలతో జమకట్టవద్దనీ, తమకు చదువు చెప్పించమనీ వారు 1927లో కోరారు.

అణచివేతకు అలవాటు పడినవారు దానినే సమర్థిస్తారు గదా అని మనం వెంటనే అంటాము. అందులో నిజం లేకపోలేదు. ఆ సమాజం నుంచే వచ్చిన మూవలూరు రామామృతం అమ్మాళ్ రద్దు కోరి పోరాడింది. అంటే బాధితుల గొంతు ఒక్కటి కాదు. కాని చదువు కావాలన్న కోరిక ఆచారాన్ని సమర్థించటం ఎలా అవుతుంది? అది బతుకుతెరువు అడగటం. వినటం వేరు, లొంగటం వేరు. విని ఉంటే నిషేధంతో పాటు జీవనోపాధి కూడా శాసనంలోకి ఎక్కేది.

దీని ఫలితం దూరాన లేదు. జోగినీ ఆచారాన్ని ఆపడానికి ఆంధ్రప్రదేశ్ 1988లో మళ్లీ శాసనం చెయ్యవలసి వచ్చింది. బలి అవుతున్నది ఎక్కువగా పేద దళిత కుటుంబాల పిల్లలే.

ముత్తులక్ష్మి గెలిచింది న్యాయమైన పోరాటమే. దానిని తక్కువ చెయ్యటం నా ఉద్దేశం కాదు. తనను ఖండించిన కాగితం కూడా ఆమె పెట్టెలో మిగిలింది. ఆ కాగితాన్ని చదవవలసిన బాధ్యత మనది. ఆ విద్యార్థినికి ఇప్పుడు చెప్పవలసినది ఇంతే: న్యాయం మన పక్షాన ఉన్నప్పుడే ఎదుటివారి మాట వినటం కష్టం, వినవలసినదీ అప్పుడే.