దావీదు పారబోసిన నీళ్లు

ధ్యాన భాగములు: 2 సమూయేలు 23:13–17, మత్తయి 18:12–14, యోహాను 10:17, 18

ఐరోపా ఖండములో ఆల్ప్స్ అను గొప్ప పర్వతములు కలవు. వాటిలో మౌంట్ బ్లాంక్ అను శిఖరము 4,800 మీటర్లకు మించిన ఎత్తుగలది. ఎండకాలమందైనను మంచు దానిని విడువదు. ఆ పర్వతమును చుట్టి ఒక కాలిబాట పోవుచున్నది. అది ఫ్రాన్సు, ఇటలీ, స్విట్జర్లండు అను మూడు దేశములగుండ సుమారు 170 కిలోమీటర్లు సాగి, బయలుదేరిన చోటికే తిరిగి వచ్చును. దారిలోని ఎక్కుళ్లన్నియు కలిపినయెడల దాదాపు 10,000 మీటర్లగును. నడచువారికి పది పదకొండు దినములు పట్టును. అయితే ఈ దినములలో దానిని నాలుగైదు దినములలోనే పరుగెత్తి చుట్టివచ్చువారు అనేకులు కలరు. 2003లో ఆ పర్వతము చుట్టు ఒక పరుగు పందెము కూడ మొదలాయెను. మనమిక్కడ తలంచునది పందెగాండ్రను గూర్చి కాదు. మార్గదర్శిని వెంట పెట్టుకొనక, పటము చేతబట్టుకొని, ఇద్దరు ముగ్గురుగా గాని ఒంటరిగా గాని ఆ కొండలలో పరుగెత్తువారిని గూర్చియే.

వారు వీపున చిన్న సంచి మాత్రమే మోయుదురు. అందులో నీళ్లు, కొంచెము ఆహారము, వానకోటు, చలికి ఒక ఉడుపు, దీపము, ఈల ఉండును. ఉదయమున లోయలోనుండి బయలుదేరి కనుమ యెక్కి, ఆవలి లోయలో దిగి, రాత్రి కొండ సత్రములో నిద్రింతురు. ఫ్రాన్సునుండి ఇటలీకి దాటు సేన్యు కనుమ 2,516 మీటర్ల ఎత్తున ఉన్నది. ఇటలీనుండి స్విట్జర్లండుకు దాటు ఫెర్రె కనుమ 2,537 మీటర్లు. ఉదయము నిర్మలముగా ఉన్న ఆకాశము మధ్యాహ్నమునకు ఉరుములతో నిండవచ్చును. మంచుతెర క్రమ్మినయెడల పది అడుగుల దూరములోని రాయి కనబడదు.

మన గ్రామములలోని సహోదరులు ఇది విని, “పొలమునకు నడచుట, కట్టెలు మోయుట మాకు తప్పనిసరి గనుక చేయుచున్నాము; పని లేకుండ కొండలలో పరుగెత్తనేల?” అని అడుగవచ్చును. అడుగదగిన ప్రశ్నయే. అయినను శరీర సాధన కొంతమట్టుకు ప్రయోజనకరమని అపొస్తలుడైన పౌలే తిమోతికి వ్రాసెను. ఉన్నత పర్వతములు కొండమేకలకు ఉనికిపట్లని 104వ కీర్తనకారుడు పాడెను. ఆ ఆల్ప్స్ పర్వతములలో కొండమేకలు నేటికిని ఉన్నవి. సృష్టికర్త చేసిన వాటిని చూచి సంతోషించుట పాపము కాదు. కాబట్టి పరుగెత్తుట తప్పా ఒప్పా అనునది మన ప్రశ్న కాదు. ఒకడు తన సంతోషము కొరకు అపాయములోనికి పోయినప్పుడు, ఆ అపాయమునకు వెల యెవరు చెల్లింతురు? ఇదియే మన ప్రశ్న.

మొదట ఒక సంగతి గమనింతము. మార్గదర్శి లేకుండ పోవువాడు తాను ఒంటరిగా పోవుచున్నాననుకొనును. అది నిజమా? వానికంటె ముందు ఎవరో ఆ బాట త్రొక్కిరి. ఎవరో రాళ్లమీదను చెట్లమీదను ఎరుపు తెలుపు గుర్తులు వేసిరి. వరదకు కొట్టుకొనిపోయిన చిన్న వంతెనను ఎవరో మరల కట్టిరి. కొలతలు కొలిచి ఎవరో పటము గీసిరి. కొండమీది సత్రములో వానికి వేడి అన్నము పెట్టుటకు ఎవరో ఆ సామగ్రిని పైకి చేర్చిరి. మార్గదర్శి ఒక్కడు వెంటలేడు గాని, కనబడని పదిమంది చేతులు వానిని మోయుచునే ఉన్నవి. ఇందులో సిగ్గుపడవలసినది లేదు. మరచిపోవుటయే సిగ్గు.

ఆ చేతులలో కడపటివి మిక్కిలి విలువైనవి. కాలు విరిగి పడినవాడు, దారి తప్పి చలిలో చిక్కుకొనినవాడు టెలిఫోనులో 112 అను సంఖ్యను పిలిచినయెడల రక్షకులు బయలుదేరుదురు. వారికిని భార్యా పిల్లలున్నారు. వారును ఆ మంచులోనికే, ఆ గాలిలోనికే రావలెను.

1956వ సంవత్సరము డిసెంబరులో, ఫ్రాన్సు దేశస్థుడైన విన్సెండాన్, బెల్జియము దేశస్థుడైన ఆన్రీ అను ఇద్దరు యౌవనులు మౌంట్ బ్లాంక్ ఎక్కబోయి తుపానులో చిక్కుకొనిరి. వారు పరుగెత్తువారు కారు, పర్వతారోహకులు. క్రింద షమోనీ పట్టణమునుండి వారిని దూరదర్శినులతో చూడగలిగిరి గాని చేరలేకపోయిరి. వారిని రక్షింపబోయిన హెలికాప్టరు మంచులో కూలిపోయెను. అప్పుడు అందులోనివారినే కాపాడవలసి వచ్చెను. చలికి దెబ్బతిని కదలలేని ఆ యౌవనులిద్దరిని కూలిన హెలికాప్టరులోనే ఉంచి రావలసి వచ్చెను. 1957 జనవరి మొదటి దినములలో రక్షణ ప్రయత్నము మానివేసిరి. ఇద్దరును చనిపోయిరి. ఫ్రాన్సు దేశమంతయు దుఃఖపడెను, ఒకరినొకరు నిందించుకొనెను. 1958లో ఆ ప్రభుత్వము కొండలలో రక్షణపనిని తన బాధ్యతగా ఏర్పాటు చేసెను. మనము ఆ యౌవనులకు తీర్పు తీర్చము. వాతావరణము మారుట వారి చేతిలో లేదు. అయినను రక్షింపబోయినవారు కూడ మరణపు అంచుకు వచ్చిరను సంగతి మనలను ఆలోచింపజేయవలెను.

ఇట్టి సంగతులు విన్నప్పుడు లోకము రెండు విధములుగా మాటలాడును. కొందరు, “తన ఇష్టముచొప్పున పోయినవాడు తన కష్టము తానే పడవలెను; వాని కొరకు మరియొకని భార్య యేల విధవరాలు కావలెను?” అందురు. మరికొందరు, “రక్షించుట వారి ఉద్యోగము, జీతము పుచ్చుకొనుచున్నారు, నేనేల వెనుదీయవలెను?” అందురు. మొదటి మాటలో కనికరము లేదు. రెండవ మాటలో భయభక్తులు లేవు. ఈ రెంటికి మధ్య దేవుని వాక్యము మనకు ఏ మార్గము చూపుచున్నది?

దావీదు అదుల్లాము గుహలో ఉన్న దినములు జ్ఞాపకము చేసికొనుడి. అది కోతకాలము. ఫిలిష్తీయులు బేత్లెహేములో దండు దిగి యున్నారు. దావీదు తన స్వగ్రామపు ద్వారము దగ్గరి బావి నీళ్లు త్రాగవలెనని ఆశపడి, ఆ ఆశను పైకి చెప్పెను. ఆజ్ఞాపించలేదు, ఆశపడెను, అంతే. అతనిని ప్రేమించిన ముగ్గురు బలాఢ్యులు శత్రువుల దండును చీల్చుకొనిపోయి ఆ నీళ్లు తెచ్చిరి. దావీదు త్రాగలేకపోయెను. ప్రాణమునకు తెగించి తెచ్చిన ఆ నీళ్లు అతనికి వారి రక్తమువలె కనబడెను. అతడు వాటిని యెహోవా సన్నిధిని పారబోసెను.

దావీదు ఆశ చెడ్డది కాదు. సొంత ఊరి బావి నీళ్లు ఎవరికి తీపి కావు? అయితే తన ఆశకు మరియొకరు ప్రాణముతో వెల చెల్లింపబోయిరని అతడు గ్రహించెను. అదే అతని గొప్పతనము. “వారు బలాఢ్యులు, అది వారి పని” అని అతడు అనలేదు.

ఇప్పుడు రెండవ ప్రక్కను చూతము. మత్తయి సువార్త 18వ అధ్యాయములో ప్రభువు ఒక కాపరిని గూర్చి చెప్పెను. తొంబదితొమ్మిది గొఱ్ఱెలను కొండలమీద విడిచి, తప్పిపోయిన యొక్కదానిని వెదకుటకు అతడు పోయెను. అది యేల తప్పిపోయెనని విచారించుటకు కాపరి కూర్చుండలేదు. దాని తప్పు తేలువరకు ఆగలేదు. వెదకపోయెను.

కాబట్టి పోవువానికి ఒక ధర్మము, రక్షించువానికి ఒక ధర్మము కలదు. పోవువాడు తన్ను తాను విమర్శించుకొనవలెను; రక్షించువాడు పోయినవానిని విమర్శింపక చెయ్యి చాపవలెను. ఈ రెండు ధర్మములను తారుమారు చేసినయెడల రెండును పాపములగును. రక్షించువాడు పోవువానికి చెప్పవలసిన ప్రసంగమును పడిపోయినవానికి చెప్పినయెడల అది క్రూరత్వము. పోవువాడు రక్షించువాని ప్రేమను ముందుగానే తన లెక్కలో వ్రాసికొనినయెడల అది దొంగతనము. దేవాలయ శిఖరముమీద సాతాను మన ప్రభువును ఇట్టి లెక్కకే ప్రేరేపించెను: దేవదూతలు ఎత్తి పట్టుకొందురు గనుక దుముకుమనెను. దూతలు లేరని ప్రభువు చెప్పలేదు. దేవుని శోధింపకూడదని చెప్పెను.

అట్లయిన కొండకు పోవుట మానవలెనా? అక్కరలేదు. గోపురము కట్టగోరువాడు ముందు కూర్చుండి లెక్క చూచుకొనవలెనని ప్రభువు చెప్పిన ప్రకారము, పరుగెత్తువాడును లెక్క చూచుకొనవలెను. బయలుదేరకముందు వాతావరణము తెలిసికొనవలెను. ఏ దారిన పోవుచున్నాడో, ఏ రాత్రికి ఎక్కడ చేరునో ఒకరికి చెప్పిపోవలెను. బరువని చలి ఉడుపును విడిచిపోరాదు. అన్నిటికంటె కష్టమైనది, కనుమ కన్నులయెదుట ఉండగా మబ్బు క్రమ్మినయెడల వెనుకకు తిరుగుట. అట్లు తిరిగినవానిని తోటివారు పిరికివాడందురు. అయితే వాడు తన ప్రాణమును మాత్రమే గాక, తాను ఎన్నడును చూడని ఒక రక్షకుని ప్రాణమును కూడ కాపాడినవాడు. అట్టి వెనుదిరుగుట విశ్వాసము లేకపోవుట కాదు, పొరుగువానిని ప్రేమించుటయే.

చదువరులారా, మనలో ఆల్ప్స్ పర్వతములకు పోవువారు ఎందరు? అయినను వాగు మనందరికి తెలియును. వానకాలములో వాగు పొంగి రోడ్డుమీదుగా పారుచుండగా, “నాకు ఈత వచ్చును, ఇంతేగా” అని దిగు యౌవనుడు తనకొరకు త్రాడు పట్టుకొని దిగబోవు నలుగురిని తలంచుచున్నాడా? అప్పు మీద అప్పు చేసి, “అన్న ఉన్నాడు, తీర్చునులే” అనుకొను తమ్ముడు అన్నబిడ్డల అన్నములో చెయ్యి పెట్టుచున్నాడు కాడా? త్రాగుడుకు లోబడినవాడు తల్లి కన్నీళ్లను ముందుగానే ఖర్చుపెట్టుచున్నాడు. ఇట్టివారు దావీదు పారబోసిన నీళ్లను జ్ఞాపకము చేసికొందురు గాక.

అయితే ఆ యౌవనుడు వాగులో కొట్టుకొని పోవుచున్నప్పుడు గట్టుమీద నిలిచి నీతి చెప్పకుడి. ఆ తమ్ముడు, ఆ త్రాగుబోతు బుద్ధి తెచ్చుకొని గుమ్మమునకు వచ్చినప్పుడు వాని లెక్కలు చదువకుడి. అప్పుడు మీది కాపరి ధర్మము.

కడపట ఒక సంగతి. దావీదు ఆ నీళ్లు త్రాగలేదు. వాటిలో మనుష్యుల ప్రాణము కనబడెను. మనమైతే ప్రభువు బల్లయొద్ద పాత్రను తీసికొని త్రాగుచున్నాము. అందులోను ఒకని ప్రాణమున్నది. దావీదు పారబోసెను, మనము త్రాగుచున్నాము. ఇది ఎట్లు న్యాయము? ఆ ముగ్గురి ప్రాణములు దావీదు సొత్తు కావు గనుక వాటిని తన దాహమునకు పుచ్చుకొనుటకు అతనికి అధికారము లేదు. మన ప్రభువైతే తన ప్రాణమును ఎవడును తన యొద్దనుండి తీసికొనడనియు, తనంతట తానే దానిని పెట్టుచున్నాననియు యోహాను సువార్త 10వ అధ్యాయములో చెప్పెను. పెట్టువాడు తానే చేతికిచ్చి త్రాగుమనుచుండగా, నేను త్రాగనని చెప్పుట వినయము కాదు. మనము తప్పు మన మీదనే ఉండగా కొండలలో చిక్కినవారము; ఆయన మనలను వెదకి వచ్చెను, ఆ రాకకు ప్రాణమే వెల ఆయెను. రాబోవు సంస్కారపు ఆదివారమున ఆ పాత్రను చేతబట్టునప్పుడు, మన ఆశలకు ఏ ఇంటివారు వెల చెల్లించుచున్నారో ఒక్క నిమిషము తలంచుకొందము. అప్పుడు కృతజ్ఞతతో త్రాగుదము.