ఇద్దరు మాస్టర్లు, ఒక జవాబు పత్రం



పరీక్షల ఫలితాలు వచ్చే రోజులలో మీలో చాలామంది ప్రోగ్రెస్ కార్డు చేతబట్టుకొని గుడి దగ్గరకు వస్తారు. "ఫాదర్ గారూ, మావాడికి లెక్కలలో 78 వచ్చాయి" అంటారు. సంతోషమే. అయితే ఆ 78 దేనికి గుర్తు అని ఎప్పుడైనా ఆలోచించారా? బియ్యం బస్తా వట్లూరులో తూచినా తాడేపల్లిగూడెంలో తూచినా కాటా సరైనదైతే ఒకటే బరువు చూపుతుంది. మార్కు కూడా అలాంటి తూకమేనని మనం నమ్ముతున్నాం. ఆ నమ్మకం మీదే పిల్లవాని భవిష్యత్తు నిర్ణయిస్తున్నాం.

1912లో అమెరికాలో స్టార్చ్, ఇలియట్ అనే ఇద్దరు పరిశోధకులు హైస్కూలు పిల్లలు వ్రాసిన రెండు ఇంగ్లీషు జవాబు పత్రాలను 142 మంది ఉపాధ్యాయులచేత దిద్దించారు. ఒకే పత్రానికి ఒకరు 64 వేస్తే మరొకరు 98 వేశారు. రెండవ పత్రానికి 50 నుండి 97 వరకు పడ్డాయి. దిద్దినవారందరూ అనుభవం ఉన్నవారే. ఎవరికీ ఆ పిల్లల మీద పగ లేదు, ప్రేమా లేదు. ఇంగ్లీషు గనుక అలా జరిగింది, లెక్కలలో జరగదు అంటారేమో. మరుసటి సంవత్సరం జామెట్రీ పత్రంతో అదే ప్రయత్నం చేస్తే తేడా ఇంకా పెరిగింది!

కాబట్టి మార్కు తూకం కాదు, తీర్పు. న్యాయస్థానంలో తీర్పు చెప్పేవారు కారణం వ్రాయాలి. అది నచ్చకపోతే పైకోర్టు ఉంది. బడిలో ఎర్ర ఇంకుతో ఒక అంకె వేసి చుట్టూ సున్నా చుడితే అయిపోతుంది. సమానులను సమానంగా చూడటం న్యాయమని సెమినరీలో అరిస్టాటిల్ దగ్గర చదువుకున్నాం. ఒకే జవాబుకు ఒక గదిలో 6, పక్క గదిలో 9 పడుతుంటే అక్కడ న్యాయం ఎలా నిలుస్తుంది?

విచిత్రమేమిటంటే, ఈ సంగతి మన విద్యాశాఖకు ఎప్పుడో తెలుసు. పదవ తరగతి స్పాట్ వాల్యుయేషన్‌కు వెళ్లివచ్చిన మాస్టరు గారిని అడగండి. ఎవరి ఇష్టం వచ్చినట్లు వారు దిద్దటానికి వీలు లేదు. జవాబుల కీ ఉంటుంది, ఏ మెట్టుకు ఎన్ని మార్కులో దాని మీద చర్చ ఉంటుంది, దిద్దిన పత్రాలలో కొన్నింటిని చీఫ్ ఎగ్జామినర్ తిరిగి చూస్తారు. అంటే పదేళ్ల చదువు చివర మాత్రం ఉపాధ్యాయులు ఒక బల్ల చుట్టూ కూర్చొని "మంచి జవాబు అంటే ఏమిటి?" అని మాట్లాడుకుంటారు. దానికి ముందు తొమ్మిదేళ్లు ఎవరి గది వారిదే.

ఆ తొమ్మిదేళ్లలో ఏమి జరుగుతుందో ఒక్క ఉదాహరణ చెబుతాను. కొల్లేరు పక్క చేపల చెరువు మీద కాపలా పనిచేసే ఒక తండ్రికి ఇద్దరు కొడుకులు. ఇద్దరూ వేర్వేరు బడులలో చదువుతున్నారు. పెద్దవానికి సైన్సులో 92, చిన్నవానికి 51. "చిన్నోడికి చదువు రాదండీ, ఎనిమిదితో ఆపి చెరువు మీదికి తీసుకుపోతాను" అన్నాడు. నేను ఇద్దరి పత్రాలూ తెప్పించి చూశాను. పెద్దవాడు గైడులోని వాక్యాలను కామాతో సహా దింపాడు. చిన్నవాడు నీటిలో ప్రాణవాయువు తగ్గితే చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తాయని, తెల్లవారుజామున అది ఎక్కువగా కనిపిస్తుందని సొంత మాటలలో వ్రాశాడు. అక్షరదోషాలు ఉన్నాయి. కాని విషయం తెలిసినవాడు వ్రాసిన జవాబది. ఈ రెండు పత్రాలనూ ఆ ఇద్దరు ఉపాధ్యాయులు ఒక్క గంట పక్కపక్కన పెట్టుకొని చూసి ఉంటే, ఆ ఇంట్లో మాట మరోలా ఉండేది. (పిల్లవాడు ఇంకా బడికే వెళ్తున్నాడు, తండ్రిని ఒప్పించటానికి మూడుసార్లు వెళ్లవలసి వచ్చింది.)

తప్పు జవాబుకు కూడా ఒక తర్కం ఉంటుంది. 0.5 పెద్దదా, 0.25 పెద్దదా అని అడిగితే చాలామంది పిల్లలు 0.25 అంటారు. వారికి బుర్ర లేక కాదు. 5 కంటె 25 పెద్దదని మనమే నేర్పాము గనుక. సగమూ సగమూ కలిపితే నాలుగింట రెండు అని వ్రాసేవాడు పైవి పైవాటితో, క్రిందివి క్రిందివాటితో కలిపాడు. రొట్టెలో సగం, మరో సగం కలిపితే మళ్లీ సగమే వచ్చిందేమిటని అతణ్ణి ఎవరూ అడగలేదు. ఒక్క మాస్టరు చూస్తే అది ఒక పిల్లవాని తప్పు. నాలుగు బడుల మాస్టర్లు కలిసి చూస్తే, ఆ తప్పు నలభై మంది పత్రాలలో ఒకే రూపంలో కనబడుతుంది. అప్పుడు సరిదిద్దవలసింది పిల్లలను కాదు, పాఠాన్ని.

మరి ఎందుకు కలిసి కూర్చోరు? ఏలూరు నుండి పల్లెలకు వెళ్లే బస్సులలో నేను రోజూ ఉపాధ్యాయులను చూస్తుంటాను. డీఏ గురించి, పీఆర్సీ గురించి, బదిలీల గురించి ఎంతో వివరంగా మాట్లాడుకుంటారు. నిన్న చెప్పిన భిన్నాల పాఠం పిల్లలకు ఎందుకు ఎక్కలేదో మాట్లాడుకోరు. సిగ్గు అడ్డు వస్తుంది. దానికి చరిత్ర కూడా ఉంది. 19వ శతాబ్దంలో మద్రాసు రాజధానిలో పిల్లల పరీక్షా ఫలితాలను బట్టి బడికి గ్రాంటు ఇచ్చే పద్ధతి నడిచింది. గది వెనుక వచ్చి కూర్చున్న మనిషి జీతానికి ఎసరు పెట్టేవాడన్న భయం అప్పటినుండి మన బడుల గోడలలో ఇంకిపోయింది.

జపానులో మరొక సంప్రదాయం ఉంది. కొందరు ఉపాధ్యాయులు కలిసి ఒక పాఠం తయారుచేస్తారు. ఒకరు చెబుతారు, తక్కినవారు గది అంచున నిలబడి చూస్తారు. వారు చూసేది ఉపాధ్యాయుని కాదు, పిల్లలను: ఎవరు ఎక్కడ ఆగారు, ఎవరు పక్కవాని వైపు చూశారు, ఎవరి కళ్లు వెలిగాయి. తరువాత అందరూ కూర్చొని మాట్లాడుకుంటారు. పాఠం అందరిదీ గనుక నింద ఏ ఒక్కరిదీ కాదు.

మనకు ఇది పూర్తిగా పరాయిది కాదు. ఉన్నత పాఠశాలను చుట్టుపక్కల ప్రాథమిక పాఠశాలలతో కలిపి పాఠశాల సముదాయంగా నడపాలని 1964-66 నాటి కొఠారి కమిషన్ చెప్పింది. 1980వ దశకంలో బ్రిటిష్ ప్రభుత్వ సహాయంతో మన రాష్ట్రంలో మొదలై 1990వ దశకంలో విస్తరించిన ప్రాథమిక విద్యా పథకాన్ని, అదే ఆపెప్‌ను, పెద్దవారైన టీచర్లు ఇంకా తలచుకుంటారు. మండలాలలో ఉపాధ్యాయ కేంద్రాలు వెలిశాయి. చుట్టుపక్కల బడులవారు అక్కడ కలిసి, చింతపిక్కలతో, పుల్లలతో బోధనా సామగ్రి తయారుచేసుకున్నారు. మంచి ఆలోచన. కాని నేను చూసిన కొన్ని బడులలో పిల్లలను గుంపులుగా కూర్చోబెట్టటమే గుంపు పని అయింది. గుంపులో ఎవరి పలక వారిదే. సమావేశాలు కూడా కొన్నిచోట్ల టీ, సంతకం దగ్గర ఆగిపోయాయి. కలిసి కూర్చోవటం వేరు, కలిసి ఆలోచించటం వేరు.

2009 విద్యాహక్కు చట్టం నిరంతర సమగ్ర మూల్యాంకనం కావాలన్నది. అంటే ఏడాది చివర ఒక్క పరీక్ష కాదు, పిల్లవాని పనిని రోజూ చూసేవారే అంచనా వేయాలి. ఉపాధ్యాయుని మీద చట్టం పెట్టిన గొప్ప నమ్మకమిది. ఆ నమ్మకం ఏమయిందో మీకు తెలుసు. ప్రాజెక్టు పనులు జిరాక్సు షాపులలో రంగుల అట్టలతో అమ్ముడయ్యాయి. పదవ తరగతిలో బడి చేతిలో పెట్టిన 20 అంతర్గత మార్కులు ఉదారంగా పంచిపెడుతున్నారన్న విమర్శ ముదిరి, 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ పద్ధతినే ఎత్తివేసింది. అందరినీ తిట్టడం సులభం. కాని పక్క బడి ఇరవైకి ఇరవై వేస్తుంటే, 13కు అర్హుడైన తన విద్యార్థికి 13 వేసిన మాస్టరు ఆ పిల్లవానికి అన్యాయం చేసినట్లా, చేయనట్లా? ఒంటరిగా ఉన్నవానికి ఈ చిక్కు విడదు. పది బడులవారు ఒకరి పత్రాలు మరొకరికి చూపించుకొనే అలవాటు ఉంటే, నిజాయితీకి ఆ శిక్ష పడేది కాదు.

తోటివాని పాఠంలో లోపం చెప్పడం మర్యాద కాదు అంటారు కొందరు. పునీత తోమాస్ అక్వినాస్ సోదర దిద్దుబాటును ప్రేమకార్యాలలో చేర్చాడు. మరొకచోట ఆయన ఉపాధ్యాయుని వైద్యునితో పోల్చాడు: రోగిని బాగుచేసేది ముఖ్యంగా ప్రకృతే, వైద్యుడు దానికి తోడ్పడతాడు, అలాగే నేర్చుకొనేది పిల్లవాని సొంత బుద్ధి. ఇది నిజమైతే పాఠం తప్పిపోవటం మాస్టరు పరువు సమస్య కాదు. కేసు చిక్కుపడితే డాక్టర్లు మరొక డాక్టరును పిలవటం చిన్నతనమని ఎవరూ అనుకోరు గదా.

ఇక మీ సంగతి. నిజమైన మార్కు వేసిన టీచరు మీద ఫిర్యాదుకు వెళ్లేది మనమే. "ర్యాంకు ఎంత?" అని అడుగుతాం, "ఏ లెక్క రాలేదు, ఎందుకు రాలేదు?" అని అడగం. ప్రకటనలలో ర్యాంకులు చూసి బడిని ఎన్నుకుంటాం. అలాంటి సంతలో ఒక బడి టీచరు తన నోట్సు పక్క బడివారికి ఎందుకు చూపిస్తుంది?

సమయం అన్నది అన్నిటికంటె మొండి సమస్య. ఒకే ఉపాధ్యాయుడున్న లంక గ్రామం బడిలో ఆయన ఎవరితో కలవాలి? పట్టణపు ప్రైవేటు బడిలో చాలీచాలని జీతానికి రోజంతా విరామం లేకుండా పాఠాలు చెప్పే అమ్మాయి ఎప్పుడు కలవాలి? వారానికి ఒక్క పీరియడు ఒకే సబ్జెక్టు టీచర్లందరికీ ఖాళీ ఇవ్వమని ఒక ప్రధానోపాధ్యాయురాలితో అన్నాను. "ఇస్తాను ఫాదర్, ఆ గంట పిల్లలను ఎవరు చూస్తారు?" అన్నారు ఆమె. న్యాయమైన ప్రశ్నే. మన విచారణలో పదవీ విరమణ చేసిన టీచర్లు ఎందరున్నారో లెక్క వేశాను. వేళ్ల మీద లెక్కపెడితే రెండు చేతులూ చాలలేదు. వారిలో ముగ్గురు వచ్చే నెల నుండి బుధవారాలు ఆ గంట బడికి వెళ్లటానికి ఒప్పుకున్నారు. నాలుగవవారు కథలు చెప్పటమైతేనే వస్తానన్నారు, లెక్కలు చెప్పనన్నారు.