బిడ్డను కాపాడిన తాడు

కోనసీమలో 1996 నవంబరు తుపాను వెళ్లిపోయాక చెట్లు కొట్టేవాళ్లకు చేతినిండా పని పడింది. కూలిన కొబ్బరిచెట్లను నరికి పక్కకు లాగడం చాలామందికి వచ్చు. సగం విరిగి ఇంటి మీదికి వాలిన కొమ్మను ఒక్క పెంకు పగలకుండా దించడం మాత్రం కొద్దిమందికే వచ్చు. అలాంటివాళ్లలో ఒక ముసలాయన ఉండేవాడు. ఆయన కొడుకు, మేనల్లుడు ఆయన దగ్గరే పని నేర్చుకుంటున్నారు.

వాళ్లకు మూడు తాళ్లు ఉండేవి. కొబ్బరి పీచుతో పేనిన తాడు చేతికి మంచి పట్టు ఇచ్చేది కానీ ఎక్కువ బరువు మోయలేకపోయేది. దానితో చిన్న కొమ్మలు దించేవారు. ప్లాస్టిక్ తాడు తేలిక, చవక. అయితే ఎండకు పెళుసెక్కేది, జోరుగా జారితే రాపిడి వేడికి కరిగేది. అందుకని నరికిన కట్టె మోపులు కట్టడానికే దాన్ని వాడేవారు. మూడోది వేలంత లావు నైలాన్ తాడు. బరువు పడ్డప్పుడు కాస్త సాగి, కుదుపును తాను తీసుకుని నిలిచేది. పెద్ద కొమ్మలన్నీ దానితోనే దిగేవి.

ముసలాయన పైకెక్కి కొమ్మకు తాడు బిగించి, దాన్ని పై పంగలోంచి వేసి కిందికి వదిలేవాడు. కింద ఉన్నవాడు తాడును మాను మొదట్లో రెండు మూడు చుట్లు తిప్పి కొస పట్టుకునేవాడు. బరువులో ఎక్కువ భాగం ఆ చుట్లే మోసేవి. కొమ్మ తెగగానే ఒక్కసారిగా ఆపకూడదు. కొంచెం కొంచెంగా జారనిచ్చి, నెమ్మదింపజేసి నిలపాలి. పడుతున్న బరువును ఠక్కున ఆపితే తాడు మీద దానికి ఎన్నో రెట్ల లాగుడు పడుతుంది. ఈ పనిలో అసలు నేర్పంతా ఆ జారనివ్వడంలోనే ఉంది.

ఒకనాడు ఒక పెంకుటింటి మీద చింతకొమ్మ దించాల్సి వచ్చింది. పచ్చికొమ్మ, 200 కిలోలకు తక్కువ ఉండదు. తుపాను గాలికి దాని లోపల పడ్డ పగులు ఎవరికీ కనబడలేదు. రంపం సగానికి రాకముందే కొమ్మ విరిగి బారెడు కిందికి పడింది. జారనివ్వడానికి చోటు లేదు. మేనల్లుడు కొసను బిగబట్టాడు. తాడు ఫెళ్లున మోగి నిలిచింది. కొమ్మ పెంకులకు మూరెడు ఎత్తులో ఆగింది. ఆ పెంకుల కింద వసారాలో, ఉయ్యాలలో ఒక పసిబిడ్డ నిద్రపోతోంది.

ఆ ఇంటి ఇల్లాలు తాడుకు పసుపు కుంకుమ పెట్టి కళ్లకద్దుకుంది. ఊరంతా దాన్ని చూడ్డానికి వచ్చింది. ఆ రాత్రి ముసలాయన లాంతరు దగ్గర కూర్చుని తాడును మొదటినుంచి చివరిదాకా చేత్తో తడిమాడు. పైన ఒక్క పోగూ తెగలేదు. ఒకచోట మాత్రం కాస్త సన్నబడి, బిరుసుగా తగిలింది. తెల్లవారాక అప్పు చేసి కొత్త తాడు కొన్నాడు. పాతదాన్ని పలుపులకు వాడుకొమ్మని పశువులపాకలో పెట్టించి, ఇక చెట్టెక్కించొద్దన్నాడు. కారణాలు విడమరిచి చెప్పే అలవాటు ఆయనకు లేదు.

మేనల్లుడికి అది అన్యాయమనిపించింది. బిడ్డను కాపాడిన తాడు దూడ మెడకు పలుపవడం అతను ఓర్చుకోలేకపోయాడు. వేరుగా పనిలోకి దిగినప్పుడు దాన్ని తనతో తీసుకుపోయాడు. ఆ తాడు పేరు చెప్పుకునే జనం అతన్ని పిలిచేవారు. ఎక్కడ బరువైన కొమ్మ ఉన్నా దానికి ఆ తాడే కట్టేవాడు. అంత కుదుపుకు నిలిచింది దీనికి నిలవదా అని అతని ధీమా. తాడు నిలుస్తూనే వచ్చింది. నిలిచిన ప్రతిసారీ తరవాతి బరువు ఇంకొంచెం పెరిగేది.

వేసవిలో ఒక మామిడిచెట్టు దగ్గర అది తెగింది. ఆ కొమ్మ చాలా చిన్నది, పీచుతాడుతోనే దించదగ్గది. అది మీదపడి మేనల్లుడి కాలు విరిగింది. ఇంత చిన్న కొమ్మకు అంత గట్టి తాడు ఎలా తెగిందని అందరూ ఆశ్చర్యపోయారు. ముసలాయన వచ్చి, తెగినచోట పురి విప్పి చూపించాడు. పైపోగులు నిగనిగలాడుతున్నాయి. లోపలి పోగులు మాత్రం చితికి, దూదిలా రేగి ఉన్నాయి. ఈ తాడు ఇవాళ తెగలేదనీ, బిడ్డను కాపాడిన రోజే లోపల సగం తెగిపోయిందనీ ఆయన చెప్పాడు.

చాలా ఇళ్లలో ఆ తాడులాంటి మనిషి ఒకరు ఉంటారు: తండ్రి పోయిన ఏడు చదువు మాని తమ్ముళ్లను నిలబెట్టిన అక్క, అప్పులపాలైన సంసారాన్ని కూలిపనితో ఒడ్డున పడేసిన తల్లి. అంతటిదానికే నిలిచింది కదా అని ఆ తరవాత వచ్చే ప్రతి బరువూ ఆమెకే కడతాం, ఆనాటి కుదుపు ఆమె లోపల ఎన్ని పోగులు తెంపిందో పురి విప్పి చూడం. మనల్ని కాపాడినందుకు ఆమెకు పసుపు కుంకుమలూ పొగడ్తలూ చాలవు, ఆమె మోస్తున్న బరువుల్లో కొన్నింటిని ఇవాళే మనం మన భుజానికెత్తుకోవాలి.