గురి తప్పిన నిష్ఠ
న్యాయాధిపతులు 20:16

1894లో అమెరికాలో వెలువడిన వించెస్టర్ లీవర్ రైఫిలునకు గొట్టముమీద వెనుక గంటుపలక, ముందు చిన్న పూస యుండును. గంటులో పూసను నిలిపి కాల్చగా తూటాలన్నియు ఒక్కచోటనే, గాని గురికి ఎడమగా తగులుననుకొనుడి. చేయి వణకలేదు, కన్ను చెదరలేదు, పలకయే తొలగియున్నది. ఎంత నిష్ఠతో కాల్చినను ఎడమకే పోవును. ఆ పలకను ఇత్తడి కడ్డీతో కుడికి తట్టవలెను, జరుగవలసినది వెండ్రుకవాసియే.

బెన్యామీనీయులలో ఏడువందలమంది ఎడమచేతివారి వడిసెలకు వెండ్రుకయైనను తప్పదు. అచ్చట ‘తప్పు’ అను హెబ్రీ క్రియయే అన్యత్ర ‘పాపము చేయు’ అని వాడబడినది. అయ్యో, ఆ తప్పని చేతులే గిబియా దుష్టులను కాపాడుటకు సహోదరులపై లేచెను! క్రమము తప్పని మన ప్రార్థనలు, ఉపవాసములు ఎటు పోవుచున్నవి?

ప్రభువా, నీ వాక్యముతో మమ్మును తట్టుము.