మాట్లాడతా ఉండు

మా వైపు ఇంటికొక ఈరన్న ఉంటాడు. ఆదోనిలో కానీ ఎమ్మిగనూరులో కానీ బజార్లో నిలబడి "ఈరన్నా!" అని పిలిస్తే నలుగురు తిరిగి చూస్తారు. అందరూ ఉరుకుంద స్వామి పేరు పెట్టుకున్నవాళ్లే. శ్రావణమాసం వచ్చిందంటే, అందులోనూ సోమవారం, గురువారం, దారులన్నీ ఉరుకుందకే పోతాయి. ఆర్టీసీ స్పెషల్ బస్సులు వేస్తుంది. అవీ చాలవు. మిగిలిన జనాన్ని ఆటోలు, ట్రాక్టర్లు, తూఫాన్ బండ్లు మోసుకుపోతాయి.

మా చిన్నమామకు ఒక తూఫాన్ ఉండేది. అప్పు చేసి కొన్నది. ఏడాది కంతుల్లో పెద్ద భాగం ఆ ఒక్క నెలలోనే సంపాదించుకోవాలి. నాకు పన్నెండేళ్లున్నప్పుడు ఒక శ్రావణ సోమవారం ఆయన పక్క సీట్లో కూర్చున్నాను. తెల్లవారుజామున నాలుక్కి బండి తీసినవాడు, రాత్రి పదకొండు దాటినా తిప్పుతూనే ఉన్నాడు. వెనక జనం ఒకరి మీద ఒకరు ఒరిగి నిద్రపోతున్నారు. మామ నాతో, "రేయ్, మాట్లాడతా ఉండు" అన్నాడు.

ఎంత సంబరపడ్డానో! మా ఇంట్లో నా మాటలు వినే పెద్దవాళ్లు లేరు. చూసిన సినిమా కథంతా మొదట్నుంచి చెప్పాను. ఇంటర్వెల్ దాకా వచ్చానేమో, నాకూ కునుకు పట్టింది. కళ్లు తెరిచేసరికి ఎడమ చక్రాలు కంకర మీద కరకరమంటున్నాయి. ఆ పక్కనే కాలువ. అరిచాను. మామ స్టీరింగు తిప్పాడు. వెనక ఒక్కరూ లేవలేదు.

"నిద్రపోయినావా మామా?"

"యాడరా? కండ్లు తెరుచుకోనే ఉన్నా కదా!"

ఆయన అబద్ధం చెప్పాడని చాలా ఏళ్లు అనుకున్నాను. ఇప్పుడు అనుకోవడం లేదు. ఆ రెండు మూడు సెకన్లు ఆయన లెక్కలో నిజంగానే లేవు. నిద్ర వాటిని తీసుకుపోయింది. పోయాయని తెలుసుకోవాల్సిన మనిషిని కూడా తనతోపాటే తీసుకుపోయింది.

అలసటలో ఉన్న చిక్కంతా ఇదే. ఆకలేస్తే తెలుస్తుంది. దెబ్బ తగిలితే తెలుస్తుంది. అలసట మాత్రం ముందు తన సాక్షినే తినేస్తుంది. 1997లో ఆస్ట్రేలియాలో ఇద్దరు పరిశోధకులు కొలిచి చూశారు. పదిహేడు గంటలు మేలుకుని ఉన్న మనిషి చేతికీ కంటికీ ఉండే పొంతన, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్న మనిషి స్థాయికి పడిపోతుందని తేలింది. మన దేశంలో డ్రైవర్‌కి చట్టం పెట్టిన హద్దు 0.03. అంటే ఆ రాత్రి మా మామ, చుక్క ముట్టకుండానే, తాగి బండి నడిపేవాడి కంటే మెరుగ్గా ఏమీ లేడు. తాగినవాణ్ణి పట్టుకోవడానికి గొట్టం ఉంది, ఊదిస్తారు. నిద్ర చాలనివాడి చేత ఏం ఊదిస్తాం?

అందుకే, కొలవలేని అలసటకు బదులు విమానయానంలో గంటల్ని కొలుస్తారు. అమెరికాకి పద్నాలుగు, పదహారు గంటలు ఆగకుండా ఎగిరే విమానంలో మామూలుగా నలుగురు పైలట్లుంటారు. వంతులవారీగా పడుకోవడానికి బంకులుంటాయి. అక్కడ పడుకోవడం కూడా డ్యూటీలో భాగమే. ఈ రూల్స్ ఊరికే రాలేదు. 2010 మే 22 తెల్లవారుజామున దుబాయ్ నుంచి వచ్చిన విమానం మంగళూరులో రన్‌వే దాటి లోయలో పడి 158 మంది చనిపోయారు. కాక్‌పిట్ రికార్డర్‌లో దొరికిన రెండు గంటల పైచిలుకు రికార్డింగులో మొదటి గంటా నలభై నిమిషాలు పైలట్ల మధ్య మాటల్లేవు. కెప్టెన్ గురక మాత్రం ఉంది. దిగే ముందు కెప్టెన్ లేచాడు. విమానం ఉండాల్సిన ఎత్తు కంటే చాలా పైన ఉంది. దిగొద్దు, మళ్లీ పైకి లేపుదామని పక్కనున్న పైలట్ చెప్పినా ఆయన దించడానికే చూశాడు. కళ్లు తెరుచుకున్నాయి కానీ నిద్రమత్తు ఇంకా వదిలి ఉండకపోవచ్చని విచారణ నివేదిక రాసింది. అది చదివినప్పుడు నాకు కంకర చప్పుడు వినిపించింది.

మొన్న 2025 డిసెంబర్‌లో ఇదే విషయం దేశమంతా ఎయిర్‌పోర్టుల్లోకి వచ్చి కూర్చుంది. డీజీసీఏ 2024 జనవరిలోనే కొత్త నిబంధనలు ప్రకటించింది. పైలట్ల వారపు విశ్రాంతి 36 గంటల నుంచి 48కి పెరగాలి. రాత్రి డ్యూటీలో ల్యాండింగులు రెండుకు మించకూడదు. రెండో విడత నవంబర్ 1న అమల్లోకి వచ్చింది. దానికి సరిపడా పైలట్లను సిద్ధం చేసుకోని ఇండిగో కొద్ది రోజుల్లోనే వేల విమానాలు రద్దు చేసింది. సూట్‌కేసుల మీద తలపెట్టి పడుకున్న ప్రయాణికుల్ని టీవీల్లో చూశాం. చివరికి పౌర విమానయాన శాఖ, దాని మంత్రి మన శ్రీకాకుళం రామ్మోహన్ నాయుడే, ఆ సంస్థకు ఫిబ్రవరి 10 దాకా కొన్ని నిబంధనల నుంచి మినహాయింపు ఇచ్చింది. జనం ఊపిరి పీల్చుకున్నారు. మనం ఊపిరి పీల్చుకున్నది దేనికి? పైలట్ ఇంకొంచెం తక్కువ నిద్రపోవచ్చని ప్రభుత్వం ఒప్పుకున్నందుకు.

నేను ఆ జనాన్ని వేలెత్తి చూపడం లేదు. నేనూ అందులో ఒకణ్ణే. బెంగుళూరులో రాత్రి బస్సెక్కి ఆదోనిలో కళ్లు తెరిచే నేను, మధ్యలో కళ్లు మూయనివాడి గురించి ఎన్నిసార్లు ఆలోచించాను? బస్సు అరగంట లేటయితే మాత్రం డ్రైవర్ దగ్గరికి వెళ్లి అడుగుతాను. ఎన్ని గంటలు నిద్రపోయావని ఒక్కసారీ అడగలేదు.

ఇక్కడ మా మామ అడ్డం తగులుతాడని నాకు తెలుసు. "నువ్వెవరప్పా నన్ను ఆపనీకి? బండి నాది, అప్పు నాది, ఒళ్లు నాది. నాలుగు సోమవారాలు పోతే కంతులు నువ్వు కడతావా?" ఇది చిన్న ప్రశ్న కాదు. సుగ్గికి గుంటూరు మిరప చేలకూ, బేల్దారి పనికి బెంగుళూరుకూ పోయే మా పడమటి ఊళ్లలో, పని దొరికిన రోజున "ఇక చాలు" అనడం అందరికీ అందే మాట కాదు.

దీనికి నా దగ్గర రెండు జవాబులున్నాయి. మొదటిది, అలసినవాడి ఒప్పుకోలు ఒప్పుకోలు కాదు. "నేను బాగానే ఉన్నా" అని చెప్పే మెదడే బాగా లేనప్పుడు ఆ మాటకు విలువేముంది? కాబట్టి "చాలు" అనే భారం అలసినవాడి మీద పెట్టడం అన్యాయం. ఆ మాట బయటివాళ్లెవరో అనాలి. అది ఆయన స్వేచ్ఛను తగ్గించడం కాదు, మెలకువగా ఉన్నప్పటి ఆయన తరఫున మాట్లాడటం. రెండోది ఇంకా కష్టమైంది. జీతం లేని విశ్రాంతి శిక్షే. ఆపినవాడు ఆ నష్టాన్ని కూడా పంచుకోవాలి. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు ఎనిమిది గంటలంది, పండగలూ దూరపు రూట్లూ అయితే అనుమతితో పది దాకా పోవచ్చంది. శ్రావణ సోమవారాల్ని చట్టం రాసినవాళ్లు ఊహించినట్టే ఉంది. కానీ అది యజమాని ఉన్నవాళ్ల కోసమే ఉండేది. తన బండికి తానే యజమాని అయిన మా మామను ఎవరు ఆపాలి?

ఒకసారి మా అవ్వ ఆపింది.

కాలువ పక్క నుంచి తప్పించుకున్న తర్వాతి సోమవారం. అందరం ఉరుకుందలో దిగాం. జరిగింది నేనే అవ్వకు చెప్పేశాను. మామ బండి తిప్పి మళ్లీ జనాన్ని పిలుస్తుంటే అవ్వ వెళ్లి తాళం లాక్కుంది. తిట్టాడు. తర్వాత వెనక సీటు మీద పడ్డాడు, రెండు నిమిషాల్లో గురక. అవ్వ బండి తలుపు దగ్గర నేల మీద కూర్చుంది. ఆదోనికి వస్తుందా అని అడిగినవాళ్లందరికీ "తెల్లారినాక" అని చెప్పింది. కొందరు గొణుక్కుంటూ వేరే బండెక్కారు.

పొద్దున మామ లేచి, పోయిన ట్రిప్పుల లెక్క చెప్పి విసుక్కున్నాడు. అవ్వ ఏమీ అనలేదు. కొంగు ముడి విప్పి, స్వామికి మొక్కుబడిగా దాచుకున్న నోట్లు తీసి ఆయన జేబులో పెట్టింది.

"స్వామికో?" అన్నాడు మామ.

"ఆయప్ప యాడికీ పోడు, వచ్చే ఏడు ఇస్తాలే" అంది.