అంచు పట్టీ

ధర్మసందేహాలు రావడానికి పెద్ద గ్రంథాలే తిరగెయ్యనక్కర్లేదు. పాత పడవ అంచున అరిగిపోయిన ఇత్తడి పట్టీ చాలు. దాన్ని తోమి మెరిపించాలా, అతుకు వేయించాలా, పీకేసి కొత్తది కొట్టించాలా? చూడ్డానికి ఇది ఖర్చు లెక్క. కాని ఆ పట్టీ మీద రెండు తరాల చేతుల నునుపు ఉన్నప్పుడు లెక్క అంత తేలిగ్గా తెగదు.

యానాంలో పడవ షోకు వస్తువు కాదు. గౌతమి నుంచి కోరంగి పాయ చీలేచోట ఊరు. 2002లో బాలయోగి వారధి వచ్చేదాకా ఎదుర్లంక వెళ్ళాలంటే రేవు దాటవలసిందే. పక్కనున్న కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టిన ఊరు, దెబ్బతిన్న ఓడలకు మరమ్మతు చేసి పంపిన ఊరు. 1839 తుపాను ఆ రేవును కూల్చింది. అయినా పేరు చావలేదు. బర్మా వెళ్ళిన తెలుగువాళ్ళను అక్కడివాళ్ళు కోరంగీలనే పిలిచారు. రేవు పోయి పేరు నిలిచిన చోట, ఏది పోతే వస్తువు పోయినట్టు అన్న ప్రశ్న ఎవరికైనా రావలసిందే.

మా వీధిలో ఒక పెద్దాయనకు పడవ ఉంది. వంతెన పడ్డాక జనాన్ని దాటించే పని పోయింది. ఇప్పుడు లంకల నుంచి కొబ్బరికాయలు తెస్తుంది. దాని ముందు కొమ్మునా, రెండు అంచులా ఇత్తడి పట్టీ. కొమ్ము దగ్గర అది కాగితంలా పలచబడి చిరిగింది. వడ్రంగి మార్చేద్దామన్నాడు. పెద్దాయన ఒప్పుకోలేదు. "మా నాన్న చెయ్యి ఆనిన చోటురా అది" అన్నాడు. వడ్రంగి నవ్వలేదు. "ఆయన చెయ్యేసింది పట్టీ మీద కాదండి బాబాయిగారూ, పడవ మీదండి. ఆయ్" అన్నాడు.

ఈ తగువు పాతదే. థీసియస్ ఓడను ఏథెన్సువాళ్ళు పుచ్చిన పలకల్ని మారుస్తూ కాపాడుకున్నారనీ, అది అదే ఓడా కాదా అని తత్త్వవేత్తలు రెండుగా చీలారనీ ప్లుటార్కు రాశాడు. తీసేసిన పలకలన్నీ కూర్చి మరో ఓడ కడితే ఏది అసలుదని పదిహేడో శతాబ్దంలో హాబ్స్ చిక్కుముడి ఇంకా బిగించాడు. మన నాగసేనుడు మిలిందుడి రథాన్ని చక్రమా, ఇరుసా, నొగలా అని విడదీసి అడిగి, రథమన్నది వట్టి పేరని తేల్చాడు. ఈ వాదాలంటే నాకు గౌరవమే. కాని పెద్దాయన అడిగింది "ఇది అదేనా?" అని కాదు. "దీనికి నేనేం బాకీ?" అని. మొదటిదానికి తర్కం చాలు. రెండోదానికి ఆ వస్తువు ఏ పనికి పుట్టిందో తెలియాలి.

పట్టీ పుట్టింది అరగడానికే. రేవు రాయికీ, పక్క పడవకీ, తాడు రాపిడికీ కలప తినవలసిన దెబ్బ అది తింటుంది. ఓడల అడుగున కొట్టే రాగి రేకుల కథ ఇంకా చిత్రమైనది. పద్దెనిమిదో శతాబ్దంలో ఇంగ్లీషు నౌకాదళం, కలపను తొలిచే పురుగు నుంచి, పట్టుకునే నాచు నుంచి కాపాడుకోవడానికి ఓడలకు రాగి తొడిగింది. రాగి ఉప్పునీటిలో తినుకుపోతోందని 1824లో హంఫ్రీ డేవీ దానికి ఇనుము, తుత్తునాగం ముక్కలు జోడించాడు. ఆ ముక్కలు కరిగాయి, రాగి నిలిచింది. కాని నిలిచిన రాగి మీద నాచూ గుల్లలూ దండిగా పేరుకుని ఓడల నడక మందగించింది. రాగి కొంచెం కొంచెంగా కరగడమే వాటిని దూరంగా ఉంచిందన్నమాట. తాను తరగకుండా కాపాడడం దానికి చేతకాదు.

అందుకని అరిగిన పట్టీని చూసి జాలిపడడం అనవసరం. అది తన పని చేసింది. దెబ్బ ఆపలేని పట్టీని మమకారంతో ఉంచేస్తే ఆ దెబ్బ కలపకు తగులుతుంది. అప్పుడు మనం పట్టీని గౌరవించి పడవకు ద్రోహం చేసినట్టు.

మరి మెరుపు తగ్గిందని అంతా పీకెయ్యడమో? అదీ తప్పే. సొట్టలు పడ్డా దెబ్బ ఆపుతున్న పట్టీని కళ్ళకు నచ్చలేదని తీసెయ్యడం కొలువు తీరని నౌకర్ని వెళ్ళగొట్టడం వంటిది. తోమడం కూడా ఉచితం కాదు. తోమిన ప్రతిసారీ కాస్త లోహం గుడ్డకు అంటుకుపోతుంది. పైకి కనిపించేదాన్ని నమ్మడానికీ లేదు. ఇత్తడి రాగీ తుత్తునాగమూ కలిసినది. పోటు వేళ ఎక్కే ఉప్పునీటిలో తుత్తునాగం ముందు వెళ్ళిపోతుంది. రాగి మిగులుతుంది, ఆకారం చెడదు, కాని లోపల గుల్ల. ఎర్రబారి, సుత్తి తగిలితే పొడిపొడిగా రాలుతుంది. అలాంటిదాన్ని పైపైన మెరిపించి నిలబెట్టడం ఎదుటివాణ్ణే కాదు, పడవెక్కేవాణ్ణి కూడా మోసం చెయ్యడం.

పాతదాన్ని తీశాక దానికేమీ బాకీ లేదనుకోవడం కూడా పొరపాటు. పూరీలో 1996లోనూ 2015లోనూ నవకళేబరం జరిగింది. కొత్త దారువిగ్రహాలు ప్రతిష్ఠించారు. పాతవాటిని పారెయ్యలేదు, కోయిలి వైకుంఠంలో పాతిపెట్టారు. దైతాపతులు అయినవాళ్ళు పోయినట్టే మైల పట్టారు. మార్పు అవసరమని ఒప్పుకుంటూనే పోయినదానికి ఏడవడం తెలిసిన సంప్రదాయం అది. ఈ రెండూ కలిసి ఉండలేవని మనకెందుకో అనిపిస్తుంది.

చివరికి పెద్దాయన కొమ్ము దగ్గర ముక్క ఒక్కటే మార్పించాడు. అంచుల్లోది గట్టిగానే ఉంది, ఉండనిచ్చాడు. కొత్త ముక్కను పాతదానిలా కనిపించేలా నల్లబరచనా అని వడ్రంగి అడిగితే వద్దన్నాడు. అతుకు అతుకులాగే కనబడాలట. తీసిన చిరుగు రేకు ఆయన ఇంట్లోనే ఉంది.

నాకు అన్నింటికంటే నచ్చింది ఇంకొకటి. పట్టీని ఇనప మేకులతో కొట్టేస్తే చవక. కాని ఇత్తడీ ఇనుమూ ఉప్పునీటిలో తగిలి ఉంటే ఇనుము తినుకుపోతుంది. మేకు చుట్టూ కలప నల్లబడి మెత్తబడుతుంది. పైన బంగారంలాంటి పట్టీ, కింద కుళ్ళు. ఏళ్ళ తరబడి ఎవరికీ తెలియదు. పెద్దాయన ఇత్తడి మేకులకే డబ్బిచ్చాడు. పట్టీ కింద, ఎవరి కంటా పడని చోట పెట్టిన ఖర్చు అది. పాతదాన్ని కాపాడుకోవడంలో మన చిత్తశుద్ధి ఎంతో తెలిసేది అక్కడేననుకుంటాను.